కోత యంత్రం ఉంది, తూర్పార పట్టేదెవరు?

మార్లవాయి అని ఒక ఊరుంది. కొమరం భీం ఆసిఫాబాద్ జిల్లా, జైనూర్ మండలం. 2016 దాకా ఆదిలాబాద్ జిల్లా. ఆ ఊరి గోండు కుర్రాడొకడు హైదరాబాదులో బీటెక్ చదువుతున్నాడనుకోండి. తన ముత్తాతల కాలంలో ఊరెట్లా ఉండేదో చూద్దామని ఒకరోజు వాడికి బుద్ధి పుట్టింది. ఎక్కడ వెతకాలి?

ఫొటోలు లండన్‌లో ఉన్నాయి. 1940లో జోడేఘాట్ దగ్గర కొమరం భీం ప్రాణం పోయాక, అసలు గోండుల బాధేమిటో తెలుసుకోవాలని నిజాం ప్రభుత్వానికి అనిపించింది. ఆ పని క్రిస్టఫ్ వాన్ ఫ్యూరర్-హైమెన్‌డార్ఫ్ అనే ఆస్ట్రియా మానవశాస్త్రవేత్తకి అప్పజెప్పింది. ఆయనా, ఆయన భార్య బెట్టీ ఎలిజబెత్ గారూ మార్లవాయిలోనే మకాం పెట్టారు. 1943లో అక్కడే గోండు టీచర్ల శిక్షణ కేంద్రం మొదలైంది. 1987లో ఆవిడ చనిపోతే సమాధి కూడా మార్లవాయిలోనే కట్టారు. హైమెన్‌డార్ఫ్ తర్వాత లండన్‌లోని సోయాస్‌లో ప్రొఫెసరయ్యారు కాబట్టి ఆయన తీసిన ఫొటోలు అక్కడి భాండాగారానికి చేరాయి. సోయాస్ వాళ్ళు వాటిని డిజిటైజ్ చేసి అంతర్జాలంలో పెట్టారు కూడా.

ఇక రాతప్రతుల సంగతి. పొరుగునే ఉన్న నార్నూర్ మండలంలో గుంజాల అనే ఊళ్ళో గోండి లిపిలో రాసిన ప్రతులు ఉన్నాయని 2006లో ఆచార్య జయధీర్ తిరుమలరావు గారి బృందం బయటి ప్రపంచానికి చెప్పింది. నిజాం కాలం నాటి కాగితాలు కావాలంటే హైదరాబాదులో, తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్‌కి పోవాలి. అవి ఎక్కువగా ఉర్దూ, పార్సీల్లో ఉంటాయి. ఇంపీరియల్ గెజెటీర్ చికాగో విశ్వవిద్యాలయం వారి డిజిటల్ సౌత్ ఏషియా లైబ్రరీలో ఉంది. పాత తెలుగు పుస్తకాలు ఆర్కైవ్.ఆర్గ్‌లో ఉన్నాయి.

అంటే ఒక్క ఊరి చరిత్ర కోసం అయిదు ఇళ్ళ తలుపులు కొట్టాలి. ఈ అయిదిళ్ళనీ కలిపి ఒకే వెతుకుపెట్టెలో చూపించే ఉచిత సాఫ్టువేరు పాతికేళ్ళుగా ఉంది. అయినా మనవాడికి ఏమీ దొరకదు. ఎందుకు దొరకదన్నదే ఈ టపా.

ముందు ఒక పాత కథ చెప్పాలి. 1930ల్లో, తెలంగాణలో తెలుగు కవులు పూజ్యం అని ఎవరో పత్రికలో రాశారు. దానికి సురవరం ప్రతాపరెడ్డి గారు తిట్లతో జవాబివ్వలేదు. తన గోలకొండ పత్రిక ద్వారా ఊరూరి నుంచీ కవుల పద్యాలు, వివరాలు తెప్పించి, 1934లో 354 మంది కవులతో గోలకొండ కవుల సంచిక అచ్చువేశారు. కవులు అంతకుముందూ ఉన్నారు, పద్యాలూ ఉన్నాయి. లేనిదల్లా అందరినీ ఒకచోట చూపించే జాబితా. జాబితాలో లేనిది లోకానికి లేనట్టే అని ఆయనకి బాగా అర్థమైంది. ఇప్పుడు మనం మాట్లాడుకునే సాఫ్టువేర్లన్నీ చేసేది సరిగ్గా ఆ పనే, కాకపోతే ఉత్తరాలకి బదులు హెచ్‌టీటీపీ.

సరే, అసలు విషయానికొద్దాం.

1991లో పాల్ గిన్స్‌పార్గ్ అనే భౌతికశాస్త్రవేత్త లాస్ అలమోస్‌లో ఆర్కైవ్ అనే సర్వరు పెట్టాడు (ఆర్కైవ్.ఆర్గ్ వేరు, ఇది వేరు). శాస్త్రవేత్తలు పత్రికల్లో అచ్చుకి ముందే తమ వ్యాసాలు అందులో పెట్టుకునేవారు. అది చూసి మిగతా రంగాల వాళ్ళూ తలా ఒక సర్వరు పెట్టారు. దాంతో ఏది ఎక్కడుందో తెలియని పరిస్థితి వచ్చింది. అప్పటికే గ్రంథాలయాల వాళ్ళ దగ్గర జెడ్39.50 అనే పద్ధతి ఒకటుంది. మీరు ఒక మాట వెతికితే అది అన్ని సర్వర్లనీ అప్పటికప్పుడు అడిగి జవాబులు పోగుచేస్తుంది. పది సర్వర్లలో ఒకటి మొరాయించినా మీరు దాని కోసం కూర్చోవాల్సిందే. డిస్ట్రిబ్యూటెడ్ సిస్టమ్స్ చదువుకున్న వాళ్ళకి ఈ బాధ గురించి చెప్పక్కర్లేదు.

1999 అక్టోబరులో శాంటా ఫేలో కొందరు కూర్చుని దీన్ని తిరగేశారు. వెతికినప్పుడల్లా అందరినీ అడగడం దేనికి? పుస్తకాలు ఎవరివి వాళ్ళ దగ్గరే ఉండనీ, పుస్తకాల వివరాలు మాత్రం రోజూ రాత్రి తెచ్చుకుని ఒకచోట ఇండెక్స్ చేసుకుందాం అనుకున్నారు. అందులోంచి ఓఏఐ-పీఎంహెచ్ అనే ప్రోటోకాల్ పుట్టింది. మొదటి వెర్షను 2001 జనవరిలో, రెండోది 2002 జూన్‌లో. ఇప్పటికీ ఆ రెండోదే నడుస్తోంది. మన రంగంలో ఇరవై ఏళ్ళు దాటినా వెర్షను మారనివి ఎన్నుంటాయి చెప్పండి?

మారకపోవడానికి కారణం అది మరీ చిన్నది కావడమే. మొత్తం ఆరు క్రియలు: ఐడెంటిఫై, లిస్ట్‌మెటాడేటాఫార్మాట్స్, లిస్ట్‌సెట్స్, లిస్ట్‌ఐడెంటిఫయర్స్, లిస్ట్‌రికార్డ్స్, గెట్‌రికార్డ్. మామూలు గెట్ రిక్వెస్టు పంపితే ఎక్స్ఎంఎల్ వస్తుంది. రికార్డులు ఎక్కువుంటే ఒక టోకెను ఇస్తారు, దాన్ని మళ్ళీ పంపితే తర్వాతి విడత వస్తుంది. ఫలానా తేదీ తర్వాత మారినవే ఇవ్వమని అడగొచ్చు. ఓపికుంటే ఒక శనివారం సాయంత్రంలో మీరే రాసుకోవచ్చు. ఈ పనికి వాళ్ళు పెట్టిన పేరు హార్వెస్టింగ్, అంటే కోత.

వచ్చే వివరాలు కనీసం డబ్లిన్ కోర్ పద్ధతిలో ఉండాలని నియమం. 1995లో అమెరికాలో ఒహాయో రాష్ట్రపు డబ్లిన్ అనే ఊళ్ళో మొదలైంది కాబట్టి ఆ పేరు. పేరు, రచయిత, తేదీ, భాష, విషయం... ఇలా పదిహేను గళ్ళు. ఏ గడీ తప్పనిసరి కాదు. ఈ ఒక్క వాక్యం గుర్తుపెట్టుకోండి, కథ మలుపు ఇక్కడే ఉంది.

పునాది ఉంటే ఇళ్ళు కట్టడం ఎంతసేపు? 2000లో ఇంగ్లండులోని సౌతాంప్టన్ నుంచి ఈప్రింట్స్, 2002 నవంబరులో ఎంఐటీ, హెచ్‌పీ కలిసి చేసిన డీస్పేస్ వచ్చాయి. న్యూజీలాండ్‌లోని వైకాటో విశ్వవిద్యాలయం వాళ్ళు గ్రీన్‌స్టోన్ తెచ్చారు. దానికి 2000 నుంచి యునెస్కో తోడైంది. నెట్ లేని ఊళ్ళ కోసం గ్రంథాలయం మొత్తాన్నీ సీడీలో పెట్టి పంచగలగడం గ్రీన్‌స్టోన్ ప్రత్యేకత. లైబ్రరీ కౌంటరు పనికి వాడే కోహా కూడా న్యూజీలాండ్‌దే. మావోరీ భాషలో కోహా అంటే కానుక. మన హైదరాబాదు కూడా తక్కువ తినలేదు. ఇక్కడ తయారైన న్యూజెన్‌లిబ్ అనే లైబ్రరీ సాఫ్టువేరుని 2008 జనవరిలో జీపీఎల్ కింద ఓపెన్ సోర్స్ చేశారు. కోసుకొచ్చిన రికార్డుల మీద వెతుకుపెట్టె కావాలంటే విలనోవా విశ్వవిద్యాలయం వారి వ్యూఫైండ్ లాంటివి ఉన్నాయి. అన్నీ ఉచితం, అన్నిటి సోర్సూ మన చేతిలోనే.

అంటే కోత యంత్రం రెడీ. ఇక పంట సంగతి చూద్దాం.

తెలుగు పుస్తకాల అతిపెద్ద పంట డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా, మనం డీఎల్ఐ అని పిలుచుకున్నది. చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టి 1994లో ట్యూరింగ్ అవార్డు అందుకున్న రాజ్ రెడ్డి గారు కార్నెగీ మెలన్‌లో ఉండగా, పది లక్షల పుస్తకాలు స్కాన్ చేసి ప్రపంచానికి ఉచితంగా ఇద్దామని మిలియన్ బుక్స్ ప్రాజెక్టు మొదలుపెట్టారు. స్కానర్లకి అమెరికా ప్రభుత్వ గ్రాంటు, మనుషులూ పుస్తకాలూ మనవీ చైనావీ. మన దేశంలో బెంగుళూరు ఐఐఎస్‌సీ ముందుండి నడిపితే, మన వైపు ఐఐఐటీ హైదరాబాదు పెద్ద కేంద్రం. 2007 నవంబరు నాటికి అన్ని దేశాల్లో కలిపి 15 లక్షల పుస్తకాలు దాటాయని కార్నెగీ మెలన్ ప్రకటించింది. వాటిలో తెలుగువి వేల సంఖ్యలో ఉన్నాయి. ఆ స్థాయిలో అంతకుముందెవరూ తెలుగు పుస్తకాల ముఖం చూడలేదు. దానికి వాళ్ళకి చేతులెత్తి దండం పెట్టాలి.

కానీ వాడిన వాళ్ళ కష్టాలు కూడా చెప్పుకోవాలి. పేజీకో టిఫ్ బొమ్మ. పుస్తకం మొత్తం ఒకేసారి దింపుకునే వీల్లేక, దానికోసం ఔత్సాహికులు సొంతంగా చిన్న చిన్న ప్రోగ్రాములు రాసుకున్నారు. ఒక్కో కేంద్రానికి ఒక్కో సర్వరు. ఒకే పుస్తకం రెండు కేంద్రాల్లో రెండు బార్‌కోడ్లతో రెండుసార్లు స్కానయ్యేది. అన్నిటికన్నా పెద్ద చిక్కు పేర్లతో. తెలుగు పుస్తకం పేరు ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టారు, అదీ మనిషికో రకంగా. ఒకాయన దీర్ఘానికి రెండు అక్షరాలు పెడితే ఇంకొకాయన ఒకటే పెట్టారు. సున్నాకి ఒకరు ఎపాస్ట్రఫీ పెట్టారు, మరొకరు వదిలేశారు. రోజుకి వందల పుస్తకాలు స్కాన్ చేయాల్సిన చోట ఆ గళ్ళు నింపే ఆపరేటరుని తప్పుపట్టలేం. ఆ గడికి అంత విలువుందని ఎవరూ చెప్పి ఉండరు.

కాపీరైటు చిక్కుల మధ్య 2017 నాటికి డీఎల్ఐ సైటు మూతపడింది. అదృష్టం కొద్దీ అప్పటికే నాలుగు లక్షలకు పైగా పుస్తకాలని ఔత్సాహికులు ఆర్కైవ్.ఆర్గ్‌కి ఎక్కించారు. ఇప్పుడు అక్కడ ఏ పాత తెలుగు పుస్తకం తెరిచినా ఐడెంటిఫయరు 'ఇన్ ఎర్నెట్ డీఎల్ఐ 2015' అని మొదలవుతుంటే ఆశ్చర్యపోకండి. అది మూతపడ్డ ఇంటి డోర్ నంబరు. వివరాల్లో డబ్లిన్ కోర్ గళ్ళు అట్లనే కనిపిస్తాయి. పాత సైటు లంకె కూడా ఉంటుంది, నొక్కితే ఏమీ రాదు.

ఇక్కడ ఒక సంగతి గమనించాలి. కోత పద్ధతిలో వచ్చేది వివరాలే, పుస్తకం కాదు. మూలం పోతే చేతిలో చచ్చిన లంకె మిగులుతుంది. డీఎల్ఐని బతికించింది ప్రోటోకాల్ కాదు, ఎవరో పూనుకుని చేసిన కాపీలు. స్టాన్‌ఫర్డ్ వాళ్ళు ఇదే సూత్రం మీద లాక్స్ అనే ఓపెన్ సోర్స్ సాఫ్టువేరు కట్టారు. పూర్తి పేరు విప్పితే 'ఎక్కువ కాపీలుంటే వస్తువు భద్రం' అని వస్తుంది. మన పెద్దవాళ్ళు తాళపత్రాలకి ప్రతులు రాయించింది అందుకే కదా.

డీఎల్ఐ తర్వాత ఆ దారిలో వచ్చింది నేషనల్ డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా. ఐఐటీ ఖరగ్‌పూర్ తయారుచేసింది, 2018 జూన్ 19న జాతికి అంకితం చేశారు. ఇది అచ్చంగా మన సబ్జెక్టే: వేర్వేరు సంస్థల రిపాజిటరీల నుంచి వివరాలు కోసుకొచ్చి ఒకచోట పోసి, పుస్తకం కావాలంటే అసలింటికి పంపుతుంది. విశ్వవిద్యాలయాల పీహెచ్‌డీ సిద్ధాంత గ్రంథాలకి ఇన్‌ఫ్లిబ్‌నెట్ వారి శోధగంగ ఉంది, అది నడిచేది డీస్పేస్ మీదే. కాబట్టి యంత్రాలు లేవని ఎవరూ అనలేరు.

మరి మన మార్లవాయి కుర్రాడికి ఎందుకు దొరకదు?

మాది ధర్మపురి దగ్గర. నా పదో తరగతి మెమోలో కరీంనగర్ జిల్లా అని ఉంటుంది. ఇప్పుడు మా ఇంటికొచ్చే ఉత్తరం మీద జగిత్యాల జిల్లా అని ఉంటుంది. మేం ఇల్లు మారలేదు. 2016 అక్టోబరు 11న, దసరా నాడు, జిల్లా మారింది. పాత కరీంనగర్‌లోంచి జగిత్యాల, పెద్దపల్లి, రాజన్న సిరిసిల్ల జిల్లాలొచ్చాయి, కొన్ని మండలాలు పక్క జిల్లాలకి పోయాయి. ఆదిలాబాద్ నాలుగైంది: ఆదిలాబాద్, నిర్మల్, మంచిర్యాల, కొమరం భీం ఆసిఫాబాద్.

ఇది మొదటిసారేం కాదు. 1905కి ముందు కరీంనగర్ జిల్లా అన్నదే లేదు, ఎలగందల్ జిల్లా ఉండేది. ఆదిలాబాద్‌ది సిర్పూర్ తాండూర్ అన్న పేరు. ఆ ఎలగందల్‌నే పాతకాలం వాళ్ళు వెలిగందుల అన్నారు. ఇంగ్లీషులో రాసినవాళ్ళు కొందరు 'ఇ'తో, కొందరు 'వై'తో మొదలుపెట్టారు. 1890ల నాటి రిపోర్టుని 'కరీంనగర్' అని వెతికితే కంప్యూటరు లేదనే చెప్తుంది. దాని తప్పేముంది?

ఇంకో ఉదాహరణ. గంగాధర మండలం కురిక్యాల దగ్గర బొమ్మలమ్మ గుట్ట మీద క్రీ.శ. 945 ప్రాంతపు శాసనం ఉంది. కన్నడ ఆదికవి పంపడి తమ్ముడు జినవల్లభుడు వేయించాడు. సంస్కృతం, కన్నడంతో పాటు మూడు తెలుగు కంద పద్యాలున్నాయి. నన్నయ కన్నా వందేళ్ళ ముందటి కందాలు, మన జిల్లాలో! దీన్ని ఒకరు కురిక్యాల శాసనమన్నారు, ఇంకొకరు కుర్క్యాల్ అన్నారు, వేరొకరు గంగాధరం శాసనమన్నారు, మరొకరు బొమ్మలగుట్ట అన్నారు. నాలుగూ ఒకటేనని మనకి తెలుసు. ఇండెక్సుకి తెలియదు. అది నాలుగు వేర్వేరు రాళ్ళని లెక్కేస్తుంది.

గోండి సంగతి ఇంకా తమాషా. గుంజాల లిపికి 2018 జూన్‌లో వచ్చిన యూనికోడ్ 11లో చోటు దొరికింది. అంతకుముందు ఏడాదే మసరాం గోండి అనే వేరే లిపికి యూనికోడ్ 10లో చోటు దక్కింది. నోటో కుటుంబంలో గుంజాల గోండికి ఉచిత ఫాంటు కూడా ఉంది. అంటే అప్పటిదాకా బొమ్మగా తప్ప దాచుకోలేని రాతని ఇప్పుడు అక్షరాలుగా కొట్టొచ్చు, వెతకొచ్చు. బాగానే ఉంది, కానీ భాష గడిలో ఏం రాస్తారు? ఐఎస్ఓ 639లో గోండికి మొత్తంగా 'జీఓఎన్' అనే కోడుంది, ఆదిలాబాద్ గోండికి ప్రత్యేకంగా 'డబ్ల్యూఎస్‌జీ' అనే కోడూ ఉంది. ఒక గ్రంథాలయం మొదటిది రాసి, ఇంకోటి రెండోది రాసి, మూడోది 'ద్రావిడ భాషలు' అని సరిపెట్టి, నాలుగోది ఖాళీగా వదిలేస్తే ప్రోటోకాల్ ప్రకారం నలుగురూ కరెక్టే. ఏ గడీ తప్పనిసరి కాదని చెప్పాను కదా.

డబ్లిన్ కోర్‌లో స్థలానికి 'కవరేజ్' అని ఒక గడుంది. ఆర్కైవ్.ఆర్గ్‌లో నేను తెరిచి చూసిన డీఎల్ఐ రికార్డుల్లో ఆ గడే కనబళ్ళేదు. పుస్తకం ఏ ఊరి గురించో చెప్పాల్సిన చోటు అది.

వరి కోతలైన కల్లం చూసినవాళ్ళకి ఈ విషయం వెంటనే అర్థమవుతుంది. మిషను వచ్చి గంటలో కోసి కుప్పపోస్తుంది. తాలూ తప్పా పోయి గింజ నిలవాలంటే గాలి వాటం చూసి తూర్పార పట్టే మనిషి కావాలి. మనం పాతికేళ్ళుగా మిషన్లు బాగుచేస్తున్నాం. మన సాఫ్టువేరు వాళ్ళకి అదే సులువు, అందులోనే మజా. ఎలగందల్, వెలిగందుల ఒకటే అని కోడు రాసి కనుక్కోలేం. ఎడిట్ డిస్టెన్సు లెక్కేసే ప్రోగ్రాము కుర్క్యాల్‌నీ కురిక్యాలనీ కలుపుతుందేమో గానీ, కురిక్యాలనీ గంగాధరాన్నీ ఏ లెక్కా కలపలేదు. అది ఆ ఊరి మనిషికే తెలుసు.

చేస్తే అవుతుందనడానికి రుజువుంది. 2014లో తెలుగు వికీపీడియా వాళ్ళు డీఎల్ఐలోని తెలుగు పుస్తకాల పేర్లని తెలుగు లిపిలో, అకారాది క్రమంలో జాబితాలుగా చేసే ప్రాజెక్టు నడిపారు. ఒక్కో పుస్తకం తెరిచి, పేరు చదివి, టైపు చేసి. అసలు సైటు పోయాక కూడా ఏయే పుస్తకాలున్నాయో తెలుగులో చూసుకోవడానికి ఆ జాబితాలు పనికొస్తున్నాయి. అందులో గొప్ప అల్గారిథమేమీ లేదు.

పుస్తకాలు తెరిచి ఇవ్వలేని చోట కూడా జాబితా ఇవ్వొచ్చు. హైమెన్‌డార్ఫ్ 1995లో చనిపోయారు. మన చట్టం ప్రకారం రచయిత తర్వాత అరవై ఏళ్ళు, అంటే 1948 నాటి ఆయన రాజగోండుల పుస్తకం మీద 2055 చివరిదాకా హక్కులుంటాయి. కానీ అలాంటి పుస్తకం ఉందని, అందులో మార్లవాయి ఉందని చెప్పడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. గుంజాల ప్రతులు ఆ ఊరివాళ్ళ ఆస్తి. వాటి బొమ్మలు ఎంతవరకు బయటపెట్టాలో వాళ్ళు చెప్పాలి. వివరాలు ఒకచోట, వస్తువు యజమాని దగ్గర అన్న పద్ధతి దీనికి సరిగ్గా సరిపోతుంది.

నా ప్రతిపాదన చిన్నది. ఉత్తర తెలంగాణకి ఒక ఊరిపేర్ల పట్టిక. ఇప్పటి పేరు, పాత పేర్లు, ఏ ఏడాది నుంచి ఏ ఏడాది దాకా ఏ జిల్లా, ఉర్దూలో ఎట్లా రాశారు, ఇంగ్లీషులో ఎన్ని రకాలుగా రాశారు, అక్షాంశం, రేఖాంశం. మామూలు సీఎస్‌వీ ఫైలు చాలు. హక్కులేవీ పెట్టుకోకుండా అందరికీ వదిలేద్దాం, వికీడేటాలో కూడా ఎక్కిద్దాం. అక్కడ ప్రతి ఊరికీ ఒక నంబరుంటుంది, ఆ నంబరుకి ఎన్ని పేర్లైనా తగిలించొచ్చు. ఆ పట్టికని వ్యూఫైండ్ లాంటి దాని వెనకున్న ఇండెక్సుకి పర్యాయపదాల ఫైలుగా ఇస్తే, కరీంనగర్ అన్నవాడికి ఎలగందల్ కూడా వస్తుంది. మండలానికి ఒక్కరు, అక్కడ పుట్టి పెరిగినవాళ్ళు, రెండు ఆదివారాలు కూర్చుంటే చాలు. ఇంట్లో డెబ్భై ఏళ్ళు దాటిన పెద్దమనిషి పక్కనుంటే ఇంకా మంచిది. పాత పేర్లు వాళ్ళకే గుర్తుంటాయి. ఇందులో తొందరపడాల్సిన భాగం అదొక్కటే. సర్వరు పోతే కాపీ నుంచి తెచ్చుకోవచ్చు, ఆ పెద్దమనిషికి కాపీ ఉండదు.

నేను మా ధర్మపురి మండలంతో మొదలుపెట్టాను. మొదటి వరుసే నాలుగుసార్లు దిద్దాల్సి వచ్చింది. నాకు తెలుసనుకున్న ఊరిపేరు మా తాత ఇంకోలా అన్నాడు. జైనూర్, నార్నూర్, గంగాధర మండలాల వాళ్ళు మీలో ఎవరైనా ఉంటే ఆ వరుసలు మీరే నింపాలి, నావల్ల కాదు.